మరుసీమలో నీటి మర్యాద

సముద్రతీరంలో మూడు రాత్రులు దర్భశయనం చేసినా సాగరుడు దారి ఇవ్వకపోగా శ్రీరాముడు కోపించి బ్రహ్మాస్త్రాన్ని ఎక్కుపెట్టాడు. అప్పుడు గాని సముద్రుడు చేతులు జోడించి ఎదుటికి రాలేదు. ఎక్కుపెట్టిన అస్త్రం వృథా కారాదు గదా! దానిని ఎక్కడ విడవవలెనని రాముడు అడుగగా, ఉత్తరదిక్కున ద్రుమకుల్యమనే చోటు ఉన్నదని, అక్కడి దుష్టులు తన నీటిని మైలపరుస్తున్నారని, బాణాన్ని అక్కడికి పంపవలసినదని సాగరుడు వేడుకొన్నాడు. ఆ బాణం తాకిన చోట నీరు ఇంకిపోయి మరుకాంతారం ఏర్పడినదని యుద్ధకాండలో వాల్మీకి చెప్పాడు.

ఇంతవరకు కథ చాలమంది ఎరిగినదే. దాని తరువాతి భాగం అంతగా ప్రచారంలో లేదు. బాణం గుచ్చుకొన్న గాయంలోనుంచి పాతాళజలం ఉబికి వచ్చి ఒక బావి ఏర్పడినది. గాయం వలన పుట్టినది కావున దానికి వ్రణమని పేరు వచ్చినది. అంతటితో ఆగక రాముడు ఆ ఎండిన నేలకు వరాలు కూడ ఇచ్చాడు. ఆ చోటు పశువులకు అనువైనది కావలెనని, అక్కడ రోగాలు తక్కువ కావలెనని, పాలు నెయ్యి సమృద్ధిగా ఉండవలెనని, సుగంధం గల ఓషధులు పెరుగవలెనని ఆ వరాల సారాంశం.

మరువు అనగా ప్రాణులు మరణించే చోటని నిఘంటుకారులు వ్యుత్పత్తి చెప్పారు. ఆదికవి మాత్రం ఆ నేలను మృత్యుస్థానంగా వదలివేయలేదు. దానికొక బావిని, పాడిని, పచ్చని మందుమొక్కలను ప్రసాదించాడు. ఈ రెండు మాటలలో ఏది నిజమో తెలుసుకోదలచినవారు రాజస్థాన్ పశ్చిమభాగాన్ని ఒకసారి చూచి రావలెను.

ఎడారి ఎందుకు ఏర్పడినది?

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరించిన నాడే రాజస్థాన్ కూడ దాదాపు నేటి ఆకారాన్ని పొందినది. వైశాల్యంలో నేడు దేశంలోని రాష్ట్రాలన్నింటిలో అదే పెద్దది. 3,42,239 చదరపు కిలోమీటర్లు. దాని నడుమ నైరుతినుంచి ఈశాన్యానికి ఆరావళీ పర్వతపంక్తి ఏటవాలుగా సాగిపోతుంది. ప్రపంచంలోని అతి ప్రాచీన పర్వతాలలో ఆరావళి ఒకటి. కొండలున్న చోట వాన కురుస్తుందని మనం పిల్లలకు పాఠం చెబుతాము. పడమటి కనుమలు అరేబియా సముద్రపు మేఘాలకు అడ్డుగోడవలె నిలుస్తాయి కావున అక్కడ ఆ పాఠం చెల్లుతుంది. ఆరావళి అడ్డుగా నిలువలేదు. గాలి వీచే దిశకు సమాంతరంగా పడుకొన్నది. మేఘాలు దానిని ఒరసుకొంటూ పక్కనుంచే వెళ్ళిపోతాయి. బంగాళాఖాతపు మేఘాలేమో ఇంతదూరం వచ్చేసరికి తమ నీటినంతా దారిలోనే ధారపోసి ఉంటాయి.

ఫలితంగా జైసల్మేర్‌లో ఏడాదికి కురిసే వాన సుమారు 200 మిల్లీమీటర్లు మాత్రమే. కరవు నేలగా మనకు పేరుపడిన అనంతపురంలో సుమారు 550 మిల్లీమీటర్లు కురుస్తుంది. అంటే మన కరవు వారికి సుభిక్షమన్నమాట. ఐనప్పటికీ ప్రపంచంలోని పెద్ద ఎడారులలో థార్ ఎడారి వలె ఇంత దట్టంగా జనం నివసించేది మరొకటి లేదని భూగోళశాస్త్రజ్ఞులు చెబుతారు. ఇంత తక్కువ నీటితో ఇంతమంది ఇన్ని శతాబ్దాలుగా ఎలా బ్రతుకుతున్నారు? రాజస్థాన్ యాత్రికుడు తనతో తీసుకొని పోవలసిన ప్రశ్న ఇదే.

సాధారణంగా యాత్రికులు ఈ ప్రశ్నతో వెళ్ళరు. కోటలు, ఒంటెలు, ఇసుకతిన్నెలమీద సూర్యాస్తమయం—ఈ మూడింటిని చూచి, ఛాయాచిత్రాలు తీసుకొని తిరిగి వస్తారు. అవి చూడదగినవి కావని ఎవరూ అనరు. కాని విద్యార్థులను వెంటబెట్టుకొని విజ్ఞానయాత్రకు వెళ్ళే ఉపాధ్యాయులు మాత్రం ప్రతి చోటా ఒక్క ప్రశ్న వేయవలసి ఉన్నది: ఇక్కడ నీరు ఎక్కడనుంచి వచ్చినది? ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోతే కోట, చెట్టు, పక్షి, పాడుబడిన పల్లె అన్నీ ఒకే కథలోని అధ్యాయాలవలె కనబడతాయి.

జోధ్‌పూర్: కొండా కోనేరూ

యాత్ర జోధ్‌పూర్‌నుంచి మొదలుపెట్టడం మంచిది. 1459లో రావు జోధా ఈ నగరానికి పునాది వేశాడు. నగరం నెత్తిన నిలిచిన మెహ్రాన్‌గఢ్ కోట కొండరాతిలోనుంచే మొలిచినట్లు కనిపిస్తుంది. కోటను చూచినవారు దాని పాదాలవద్దనున్న రాణీసర్, పద్మసర్ తటాకాలను కూడ చూడవలెను. ఒట్టి రాతికొండపై పడిన ప్రతి చినుకును పల్లానికి నడిపించి నిలిపిన తటాకాలవి. చెరువు లేనిదే కోట లేదు.

పాతనగరంలో తూర్‌జీ కా ఝాల్రా అనే దిగుడుబావి ఉన్నది. 1740 ప్రాంతంలో మహారాజా అభయసింగ్ రాణి దీనిని కట్టించినది. ఎర్రని ఇసుకరాతి మెట్లు నలుదిక్కులనుంచి త్రికోణాల వరుసలుగా దిగిపోతాయి. నీరు ఎంత మట్టానికి తగ్గినా చేతికి అందే మెట్టు ఒకటి ఉండేటట్లు కట్టారు. దశాబ్దాల పాటు చెత్తతో పూడిపోయిన ఈ బావిని ఇటీవలి సంవత్సరాలలో శుభ్రపరచి పునరుద్ధరించారు. మన పల్లెలలో పూడిపోయిన దిగుడుబావులు ఎన్ని లేవు? అవి కూడ ఇట్లే తిరిగి తెరువదగినవని పిల్లలకు ఇక్కడ చెప్పవచ్చును.

కోట పక్కనే సుమారు 70 హెక్టార్ల రాతినేలలో రావు జోధా ఎడారి శిలా ఉద్యానం ఉన్నది. పూలకుండీలు, పచ్చికబయళ్ళు గల ఉద్యానం కాదిది. 1930ల దశకంలో జోధ్‌పూర్ మహారాజు ఎడారిని పచ్చగా మార్చదలచి మెక్సికో ప్రాంతపు ముళ్ళచెట్టు విత్తనాలను విమానంలోనుంచి చల్లించాడు. అక్కడివారు దానిని బావలియా అంటారు; మనకు అది సర్కారు తుమ్మ. అది ఈ కొండనంతా ఆక్రమించి స్థానికమైన మొక్కలను అణచివేసినది. 2006 నుంచి ప్రదీప్ కృషెన్ నాయకత్వంలో రాతిని తొలిచి దాని వేళ్ళను పెకలించి, ఎడారికి సహజమైన మొక్కలనే తిరిగి నాటారు. వేసవిలో ఇక్కడ చాల మొక్కలు ఎండిన పుల్లలవలె కనిపిస్తాయి. ఒక వాన పడినంతనే చిగురిస్తాయి. ఎడారి మొక్కకు ఓపికయే ఆయుధమని పాఠ్యపుస్తకంలో చదవడం వేరు, ఇక్కడ చూడడం వేరు.

శమీవృక్షం సాక్షిగా

జోధ్‌పూర్‌కు ఆగ్నేయంగా సుమారు 26 కిలోమీటర్ల దూరంలో ఖేజడ్లీ అనే పల్లె ఉన్నది. ఖేజడీ చెట్ల పేరే ఊరికి వచ్చినది. తెలుగువారికి ఈ చెట్టు పరాయిది కాదు. అది మన జమ్మి. పాండవులు అజ్ఞాతవాసానికి పోతూ ఆయుధాలు దాచిన శమీవృక్షం. విజయదశమినాడు మనం ప్రదక్షిణం చేసి ఆకు కోసుకొనే చెట్టు. తెలంగాణకు, రాజస్థాన్‌కు కూడ ఇదే రాష్ట్రవృక్షం. మనకది ఏడాదికొకనాడు పూజనీయం. వారికి ప్రతిదినం అన్నదాత. దాని వేళ్ళు చాల లోతుకు పోతాయి కావున పైరుతో నీటికి పోటీపడవు. నేలకు నత్రజని సమకూరుస్తుంది కావున దాని నీడలో సజ్జ చక్కగా పండుతుంది. ఆకు మేకలకు, ఒంటెలకు మేత. సాంగ్రీ అనే లేతకాయలను ఎండబెట్టి ఏడాది పొడుగునా కూర వండుకొంటారు. 1899–1900 నాటి మహాక్షామంలో దాని బెరడును పిండిచేసి తిని ప్రాణాలు నిలుపుకొన్నవారు ఎందరో ఉన్నారు.

1730లో మహారాజా అభయసింగ్ కొత్తభవనం కట్టదలచినప్పుడు సున్నపు బట్టీలకు కట్టెలు కావలసి వచ్చినవి. భటులు ఖేజడ్లీ చెట్లపై గొడ్డళ్ళతో వచ్చారు. ఆ ఊరు బిష్ణోయీలది. 1485లో గురు జంభేశ్వరుడు స్థాపించిన ఆ సంప్రదాయానికి 29 నియమాలు. పచ్చని చెట్టును నరకరాదన్నది వాటిలో ఒకటి. అమృతాదేవి అనే గృహిణి చెట్టును కౌగిలించుకొని నిలిచినది. గొడ్డలి ఆమెను, ఆమె కుమార్తెలను బలిగొన్నది. చుట్టుపట్ల పల్లెల జనం ఒకరి తరువాత ఒకరుగా వచ్చి చెట్లను వాటేసుకొన్నారు. మొత్తం 363 మంది ప్రాణాలు అర్పించిన తరువాత రాజు నరకుడు మాన్పించాడు. తూర్‌జీ దిగుడుబావి కట్టించినది ఈ రాజు రాణియే అన్న సంగతి చరిత్ర విద్యార్థి గమనింపదగినది. ఒకే ఇంటినుంచి నీరు వచ్చినది, నెత్తురూ వచ్చినది.

నేటికీ ప్రతి భాద్రపద శుక్లదశమికి అక్కడ ఉత్సవం జరుగుతుంది. చుట్టుపట్ల బిష్ణోయీ పల్లెల పొలాలలో కృష్ణజింకలు బెదురు లేక మేస్తూ కనిపిస్తాయి. ఏ కంచెలూ లేకుండ మనుష్యుల మాటమీద నిలిచిన వనమది.

జైసల్మేర్ దారిలో

జోధ్‌పూర్‌నుంచి జైసల్మేర్‌కు సుమారు 280 కిలోమీటర్లు. రైలుదారిలో ఫలోదీ వస్తుంది. 2016 మే 19న 51 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదై దేశంలోని పాత లెక్కలను దాటించిన ఊరు ఇది. యాత్రికులు నవంబరు–ఫిబ్రవరి నెలల మధ్యనే రావలెనని వేరుగా చెప్పనక్కరలేదు. శీతకాలంలో ఇంకొక లాభం కూడ ఉన్నది. ఫలోదీ సమీపంలోని ఖీచన్ గ్రామానికి మధ్య ఆసియా, మంగోలియాలనుంచి కుర్జాలనే క్రౌంచజాతి పక్షులు వేలసంఖ్యలో వస్తాయి. గ్రామస్థులు వాటికి రోజూ ధాన్యం చల్లుతారు. తమకే చాలీచాలని ఎడారిలో అతిథులకు గింజలు పెట్టేవారి గుణాన్ని గురించి ఉపాధ్యాయుడు ఉపన్యసించనక్కరలేదు. ఉదయపువేళ పిల్లలను అక్కడ నిలబెడితే చాలును.

బంగారు కోట, నీటి ముప్పు

1156లో రావల్ జైసల్ నిర్మించిన జైసల్మేర్ కోట దూరంనుంచి చూస్తే ఇసుకలోనుంచి లేచిన బంగారు దిబ్బవలె ఉంటుంది. పసుపుపచ్చని ఇసుకరాయి సాయంకాలపు వెలుగులో అట్లా మెరుస్తుంది. సత్యజిత్ రే తన నవలకు, 1974లో వచ్చిన చిత్రానికి ‘బంగారు కోట’ అన్న అర్థం గల పేరే పెట్టాడు. కోటకు 99 బురుజులు. లోపల ఈనాటికీ కాపురాలున్నాయి. జైనదేవాలయాలు, దుకాణాలు, బడికి పోయే పిల్లలు, గడపలో కూర్చున్న ముసలివారు కనిపిస్తారు. 2013లో రాజస్థాన్ గిరిదుర్గాలలో ఒకటిగా దీనిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చారు.

ఈ కోట సేనల దాడికి తట్టుకొన్నది, కరవులకు తట్టుకొన్నది. ఇప్పుడు దానిని కుంగదీస్తున్నది నీరు! ఆశ్చర్యం అనిపించవచ్చును గాని కారణం సులభమైనది. కోట నిలిచిన త్రికూట పర్వతం గట్టిరాయి కాదు. దానిలో తడిస్తే మెత్తబడే బంకమట్టి పొరలున్నాయి. వెనుకటి కాలంలో కోటలోని ఇల్లాలు చెరువునుంచి బిందెతో నీరు మోసుకొని కొండ ఎక్కవలసి వచ్చేది. మోసినవారు ఒలకబోయరు గదా! గొట్టాలద్వారా నీరు వచ్చిన తరువాత, యాత్రికులకై వసతిగృహాలు, స్నానశాలలు వెలసిన తరువాత, వాడిన నీరు పోవడానికి తగిన కాలువలు లేక అది కొండలోకి ఇంకడం ఆరంభించినది. 1990ల దశకంలో కొన్ని బురుజులు కూలినవి. తరువాత మురుగుకాలువలు బాగుచేశారు, మరమ్మతులు జరిగినవి. ప్రమాదం పూర్తిగా తొలగలేదు. కావున కోటను పగలు చూచి రాత్రి బస కోట వెలుపల చేయడం యాత్రికుని ధర్మం.

కోటకు దిగువన గడీసర్ తటాకం ఉన్నది. 14వ శతాబ్దంలో రావల్ ఘడ్‌సీ తవ్వించిన ఈ చెరువు కొన్ని వందల సంవత్సరాలపాటు జైసల్మేర్ గొంతు తడిపినది. చెరువులోకి నీరు వచ్చే చుట్టుపట్ల నేలను వారు ఆగోర్ అంటారు. ఆ నేలను దేవాలయ ప్రాంగణంవలె శుభ్రంగా ఉంచేవారు; చెప్పులతో నడవడంకూడ తప్పుగా ఎంచేవారని చెబుతారు. చెరువును రక్షించడమంటే చెరువుకు నీరు తెచ్చే నేలను రక్షించడమన్న సూక్ష్మం వారికి తెలిసినది. నీటి వాగులపై ఇండ్లు లేపి, చెరువు నిండలేదని విచారించే మనకు ఈ ఒక్క ముక్క చాలును.

చెరువుగట్టున అందమైన ముఖద్వారమొకటి ఉన్నది. తీలో అనే వేశ్య దానిని కట్టించినదట. రాజపరివారం నీటికి పోయే దారిలో వేశ్య కట్టించిన ద్వారం ఉండరాదని కొందరు దానిని పడగొట్టించబోగా, ఆమె దానిపై శ్రీకృష్ణుని ప్రతిష్ఠించినదని, గుడిని కూల్చడానికి ఎవరికీ చేతులు రాలేదని జనశ్రుతి. కథ నిజమైనా కాకున్నా ద్వారం నిలిచి ఉన్నది. దానికిందనుంచే నేటికీ అందరూ చెరువుకు నడుస్తారు.

ఖడీన్ పొలాలు, వెలిసిన పల్లెలు

జైసల్మేర్‌కు పడమట 18 కిలోమీటర్ల దూరంలో కుల్‌ధరా ఉన్నది. పైకప్పు లేని గోడలు, ఎవరూ నడవని వీథులు. పాలీవాల్ బ్రాహ్మణులు 19వ శతాబ్దం తొలిభాగంలో విడిచిపోయిన పల్లె ఇది. దివాను సాలంసింగ్ దౌర్జన్యానికి విసిగి 84 గ్రామాలవారు ఒక్కరాత్రిలో వెళ్ళిపోయారని స్థానికులు చెబుతారు. బావులు అడుగంటడం, భూకంపం కారణాలు కావచ్చునని పరిశోధకులు అంటారు. మార్గదర్శకులు ఇప్పుడు దీనిని దయ్యాల ఊరని చెప్పి పిల్లలను భయపెడుతున్నారు. అది విచారించదగిన సంగతి. దయ్యాల సంగతి విన్నవారు ఆ ఊరివారి విద్యను చూడకుండ పోతున్నారు.

ఆ విద్య పేరు ఖడీన్. రాతినేల వాలుగా ఉన్న చోట, పల్లపు చివర పొడుగాటి మట్టికట్ట వేస్తారు. ఎప్పుడో కురిసిన ఒకటి రెండు జల్లుల నీరు విశాలమైన ఆ వాలుపైనుంచి దొర్లివచ్చి కట్టవద్ద నిలుస్తుంది. ఒక ఎకరం పొలానికి పది పదిహేను ఎకరాల నేల నీటిని కూడబెట్టి పెడుతుందన్నమాట. అధికమైన నీరు అలుగుమీదుగా పోతుంది. నిలిచిన నీరు నెమ్మదిగా ఇంకిపోయిన తరువాత, ఆ పదునులో శీతకాలపు గోధుమ, శనగ వేస్తారు. మళ్ళీ తడి పెట్టనక్కరలేదు. 200 మిల్లీమీటర్ల వానతో గోధుమ పండించడం ఎట్లా సాధ్యమో ఇంజనీర్లు సైతం వచ్చి నేర్చుకోదగిన విధానమిది. పాలీవాలులు పోయినా కొన్ని ఖడీన్లు ఇంకా పండుతున్నాయి.

మూడు నీళ్ళు

ఎడారివారు నీటిని మూడు తరగతులుగా చెబుతారు. వానగా పడి నేలమీద నిలిచినది పాలర్. లోతైన బావులలో దొరికేది పాతాళ్. అది ఎక్కువ చోట్ల ఉప్పన. ఈ రెండింటికి మధ్య మూడవదొకటి ఉన్నది. దాని పేరు రేజాణీ. వాననీరు ఇసుకలో ఇంకి కిందికి దిగుతుంది. కొన్ని ప్రాంతాలలో ఇసుకకు అడుగున జిప్సం పొర ఒకటి పరుచుకొని ఉంటుంది. నీరు దానిని దాటలేదు. దిగువనున్న ఉప్పునీటిలో కలవలేదు. పైకి ఆవిరి కావడానికి మీదనున్న ఇసుక అడ్డం. కనుక ఆ నీరు నీరుగా కాక తేమగా, ఇసుకరేణువుల నడుమ నిలిచి ఉంటుంది.

ఆ తేమను మళ్ళీ నీరుగా చేసేది కుయీం అనే చిన్నబావి. ఒక మనిషి ఇరుకుగా కూర్చొనగలిగేటంత వెడల్పున, జిప్సం పొర తగిలేవరకు తవ్వుతారు. లోపల చేయి విసరడానికి చోటుండదు కావున పొట్టిపిడి పనిముట్టుతో గీకుతూ తవ్వవలెను. ఉక్క తగ్గడానికి పైనున్నవారు అప్పుడప్పుడు గుప్పెళ్ళతో ఇసుకను బలంగా కిందికి విసరుతారు. దానితోపాటు చల్లగాలి దిగి, వేడిగాలి పైకి వస్తుంది. ఇసుక దెబ్బ తగలకుండ తవ్వేవాడు తలపై లోహపాత్ర బోర్లించుకొంటాడు. బావి పూర్తయిన తరువాత చుట్టునున్న తేమ చుక్కచుక్కగా దానిలోకి చెమర్చుతుంది. రోజుకు రెండు మూడు బిందెలు మాత్రమే దొరుకుతాయి. ఆ బిందెలు తీయనివి.

అనుపమ్ మిశ్రా 1990ల దశకంలో హిందీలో వ్రాసిన గ్రంథాల ద్వారా ఈ విద్య దేశమంతటికీ తెలిసినది. నేలలో తేమ ఎంత లోతుకు దిగినదో చూచి వానను కొలిచే రేజా అనే కొలతను కూడ ఆయన పేర్కొన్నాడు. తెలుగు రైతుకు ఇది కొత్త కాదు. వాన ఎంత పడినదని అడిగితే అతడు మిల్లీమీటర్లు చెప్పడు. పదును ఎంత దిగినదో చెబుతాడు. పదును అన్న మాట మన నిఘంటువులలో ఉన్నది. మన పిల్లల నోటిలో ఉన్నదా అని తెలుగు ఉపాధ్యాయులు విచారించవలసి ఉన్నది.

నేల గుణం తెలియనివారికి ఇదే జిప్సం పొర శత్రువు కాగలదు. 2006 ఆగస్టులో బాడ్మేర్ జిల్లాలో కుంభవృష్టి కురిసినది. కవాస్ గ్రామం మునిగిపోయినది. నీరు కిందికి ఇంకక వారాల తరబడి అట్లే నిలిచినది. ఎడారిలో వరదకు పడవలు తేవలసి వచ్చినది. అట్లే, 1958లో శంకుస్థాపన జరిగి, పంజాబులోని హరికేనుంచి సుమారు 650 కిలోమీటర్లు ప్రవహించి వచ్చే ఇందిరాగాంధీ కాలువ లక్షల ఎకరాలకు ప్రాణం పోసినది. ఊళ్ళ దాహం తీర్చినది. ఆ ఉపకారాన్ని ఎవరూ కాదనరాదు. కాని అడుగున గట్టిపొర ఉన్న చోట్ల అతిగా పారించిన నీరు పైకి ఊరి, పొలాలు చవుడుబారి పోయినవి. చినుకును ఎట్లా దాచవలెనో తెలిసిన నేలకు, ప్రవాహాన్ని ఎట్లా వాడవలెనో నేర్చుకోవడం కష్టమైనది.

తిన్నెలు, బట్టమేక పిట్ట

జైసల్మేర్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో సమ్ ఇసుకతిన్నెలు ఉన్నాయి. గాలి వీచినకొద్దీ తిన్నెలు కదులుతాయి. ఉదయం చూచిన అలల గీతలు సాయంకాలానికి ఉండవు. ఒంటెపై ఎక్కవచ్చును, మాంగణియార్ గాయకుల కమాయిచా వాద్యం వినవచ్చును. ఐతే తిన్నెలమీద సంతలవలె సాగే మోటారుబళ్ళ పందెాలు, విడిచిపోయిన నీటిసీసాలు చూస్తే మనస్సు చివుక్కుమంటుంది. నిశ్శబ్దమే ఇక్కడి దృశ్యం. దానిని చూడదలచినవారు జనానికి దూరంగా ఒక గంట నడవవలెను.

సమీపంలోనే 3,162 చదరపు కిలోమీటర్ల మరుభూమి జాతీయోద్యానం ఉన్నది. మీటరు ఎత్తు ఉండే గోడావణ్ పక్షి దీని ప్రాణం. ఇది రాజస్థాన్ రాష్ట్రపక్షి. మనవారు దీనిని బట్టమేక పిట్ట అంటారు. దానికోసం కర్నూలు ప్రాంతంలోని రోళ్ళపాడులో 1988లో అభయారణ్యం ఏర్పరిచారు. నేడు అక్కడ ఆ పక్షి కనబడడం గగనమైపోయినది. దేశం మొత్తంమీద 150కి మించి లేవని అంచనా. సాధారణంగా ఒకసారికి ఒకే గుడ్డు పెడుతుంది. బరువైన పక్షి, ఎదురుగా నేరుగా ఉన్నదానిని బాగా చూడలేదు. ఎండను, గాలిని విద్యుత్తుగా మార్చే కేంద్రాలు ఎడారిలో వెలసిన తరువాత వాటి తీగలకు తగిలి చనిపోతున్నది. తీగలను భూగర్భంలో వేయవలెనని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించినది. 2024లో ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల సంఘానికి అప్పగించినది. 2019 నుంచి జైసల్మేర్ ప్రాంతంలో గుడ్లను సేకరించి పొదిగించి పిల్లలను పెంచుతున్నారు. పొగలేని విద్యుత్తు కావలసినదే, పక్షీ కావలసినదే. ఈ చిక్కుముడిని విప్పవలసినవారు నేడు మన తరగతిగదులలో కూర్చున్నవారే.

ఉదంకుని దాహం

నన్నయ భారతంలో కుండలాలకోసం నాగలోకానికి పోయిన ఉదంకుని కథ విద్యార్థులు చదివే ఉంటారు. అశ్వమేధపర్వంలో ఆయన మళ్ళీ కనిపిస్తాడు. కురుక్షేత్రయుద్ధం ముగిసి ద్వారకకు మరలిపోతున్న శ్రీకృష్ణుడు మరుభూమిలో ఆయనను కలిసి, దాహమైనప్పుడు తలచుకొంటే నీరు లభిస్తుందని వరమిచ్చాడు. ఒకనాడు ముని దప్పిగొని కృష్ణుని తలచాడు. వేటకుక్కలతో, మాసిన దేహంతో ఒక మాతంగుడు వచ్చి నీరు ఇవ్వబోయాడు. ముని అసహ్యించుకొని త్రోసిపుచ్చాడు. ఆ వచ్చినవాడు ఇంద్రుడు, తెచ్చినది అమృతం. తరువాత కృష్ణుడు జాలిపడి, ముని కోరినప్పుడు మరుభూమిలో మేఘాలు వర్షిస్తాయని వరమిచ్చాడు. వాటికి ఉదంకమేఘాలని పేరు.

ముని నీటికోసమే ఎదురు చూచాడు. తాను ఊహించిన రూపంలో, తనకు తగినదని తోచిన చేతినుంచి రాలేదు గనుక దానిని గుర్తించలేకపోయాడు. వేశ్య కట్టించిన ద్వారం వద్దన్న రాజపరివారానిదీ అదే చూపు. మన సంగతీ అంతకంటె భిన్నంగా లేదు. గొట్టంలో వచ్చినదే నీరని, కాలువలో పారినదే సాగునీరని మనకు అలవాటైనది. ఇసుకలోని తేమ, రాతివాలుపై దొర్లే జల్లు, చదువురాని రైతు వేసిన మట్టికట్ట మన కంటికి ఆనవు.

అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్ ప్రాంతాలలో వేదవతి ఒడ్డున ఇసుక మేటలు వేసి పొలాలమీదికి సాగుతున్నది. ఎడారి చూడడానికి రాజస్థాన్ దాకా పోనక్కరలేని దినం వచ్చినదని కొందరు అంటున్నారు. ఎడారి మన గడపకు వస్తున్నది. ఎడారివారి తెలివి మాత్రం ఇంకా రాలేదు. దానిని తెచ్చుకొనడానికి చేసే యాత్రయే నిజమైన విజ్ఞానయాత్ర.

అట్టి యాత్రనుంచి తిరిగి వచ్చిన ఉపాధ్యాయుడు మరుసటి ఆదివారం విద్యార్థులను తమ ఊరి చెరువుకట్టమీదికి తీసుకొని పోవలెను. చెరువులోకి నీరు ఏ వాగునుంచి వచ్చేది, ఆ వాగు ఇప్పుడు ఎవరి గోడకింద ఉన్నది, తూము ఎప్పుడు పూడినది, అలుగు చివరిసారి ఎప్పుడు పారినదని ఊరి పెద్దలను అడిగించి, వారి జవాబులను పిల్లల చేతనే వ్రాయించవలెను.